ఆడపిల్లల బడి: గేటు గట్టిదే, బాత్రూములు ఎన్ని?

పాప ఐదో తరగతి అయిపోవస్తోందంటే సీమ పల్లెల్లో మొదలయ్యే చర్చ ఒకటే. ఊళ్లో బడి ఐదుతో సరి, హైస్కూలు మండలంలో. రోజూ ఆటోలో పంపాలి, లేదంటే హాస్టల్లో వేయాలి, అదీ కాదంటే ఇంట్లో కూర్చోబెట్టాలి. అక్కడికొచ్చేసరికి ఎవరో ఒకరు “ఆడపిల్లల బడి అయితే పంపుదాం” అంటారు. ఆ ఒక్క మాటతో చాలా ఇళ్లలో పాప చదువు నిలబడుతుంది. ఆ మాట తర్వాత అడగాల్సినవి మాత్రం ఎవరూ అడగరు.

ఈ సమీక్ష అడగకుండా వదిలేసిన వాటి గురించి. ఒక్క బడి పేరు పట్టుకుని రాసింది కాదు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో, 2022లో వీటి నుంచి నంద్యాలకు, శ్రీ సత్యసాయికి, అన్నమయ్యకు పోయిన మండలాలను కూడా కలుపుకుని, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా అమ్మాయిలకు మాత్రమే నడిచే బడుల తీరు మీద రాసింది.

ముందే మార్కులు వేసేద్దాం. పాప చదువు మధ్యలో తెగిపోకుండా చూడటంలో 5కి 4.5. మార్కులు, ర్యాంకులు తెప్పించడంలో 3. ల్యాబు, మైకు, ఆటస్థలం అమ్మాయి చేతికి అందించడంలో 4. నీళ్లు, బాత్రూములు, ఆరోగ్యం చోటును బట్టి 2 నుంచి 4 దాకా. బయటి లోకానికి తయారు చేయడంలో 2.5, అది కూడా కొంచెం ఉదారంగా వేసినదే.

ఏ బడి, ఎవరికి

జనం నోట “కస్తూర్బా” అనేది కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం. 2004లో కేంద్రం మొదలుపెట్టిన పథకం. పల్లెల్లో ఆడవాళ్ల అక్షరాస్యత దేశ సగటుకన్నా తక్కువగా, మగవాళ్లకూ ఆడవాళ్లకూ చదువులో తేడా ఎక్కువగా ఉన్న మండలాలను ఏరి అక్కడ పెట్టారు. సీమలో ఇన్ని కస్తూర్బాలు ఎందుకున్నాయో దీన్నిబట్టే అర్థమవుతుంది: 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా ఆడవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు సగం దగ్గరే ఆగారు. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, 25 శాతం పేద కుటుంబాల పిల్లలకు. తరగతికి 40 మంది. ప్రవేశ పరీక్ష లేదు, ఫీజు లేదు. తల్లీతండ్రీ లేని పిల్లలకు, ఇద్దరిలో ఒకరు లేని పిల్లలకు, బడి మానేసి ఇంట్లో ఉన్న పిల్లలకు ముందు చోటు. మొదట్లో ఎనిమిదో తరగతి దాకానే ఉండేది. 2018లో సమగ్ర శిక్ష పథకం వచ్చాక ఇంటర్ దాకా పెంచుకునే వీలు కలిగింది.

అంబేడ్కర్ గురుకులాలు, జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాల్లో బాలికలవి విడిగా ఉంటాయి. వీటికి ప్రవేశ పరీక్ష ఉంది, అదీ ఐదో తరగతిలో చేరడానికి. కాబట్టి పాప నాలుగో తరగతిలో ఉండగానే కదలాలి. ఆరో తరగతికి వచ్చాక గుర్తొస్తే మిగిలిపోయిన ఖాళీల కోసం ఎదురుచూడటమే. పట్టణాల్లో జడ్పీ, మున్సిపల్ బాలికల హైస్కూళ్లు ఉన్నాయి, పొద్దున పోయి సాయంత్రం వచ్చేవి. ప్రైవేటు “గర్ల్స్ క్యాంపస్”లు నాలుగో రకం. వాటి గురించి తక్కువే రాస్తాం, ఎందుకంటే అందులో చాలావాటికి ఆడపిల్లల బడి అన్నది ఒక బోర్డు మాత్రమే. లోపల జరిగేది పక్క వీధిలో అబ్బాయిల క్యాంపస్‌లో జరిగే రుబ్బుడే.

అసలు పని ఎక్కడ చేస్తుంది

ఆదోని, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు దసరా దాటితే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస పనులకు, కదులుతాయి. గుంటూరు వైపు మిరప కోతకు కొందరు, బెంగళూరు, హైదరాబాదు కూలి పనులకు కొందరు. వెళ్లేటప్పుడు చిన్నపిల్లలను వెంట తీసుకుపోతారు. వాళ్లను చూసుకోవడానికి పన్నెండు, పదమూడేళ్ల పెద్దపాపను కూడా తీసుకుపోతారు. మగపిల్లవాణ్ణి అవ్వ దగ్గర వదిలి పోవడానికి వెనకాడరు. ఆడపిల్లను వదలరు, భయం. మూడు నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి ఆ పాప పేరు హాజరు పట్టీలో ఉంటుంది, పాప మాత్రం తరగతిలో ఉండదు. పాఠాలు అందవు, సిగ్గు అడ్డొస్తుంది, మళ్లీ సుగ్గి వస్తుంది. తర్వాత పెళ్లి సంబంధం.

ఈ గొలుసును మధ్యలో తెంపేది హాస్టలున్న ఆడపిల్లల బడి. గొప్ప బోధన వల్ల కాదు. “వయసొచ్చిన పిల్లను మగపిల్లల మధ్య ఎట్లా పంపుతాం” అని నాన్న అనడానికి వీల్లేకుండా చేస్తుంది. “తోడెవరు, రాత్రి ఎక్కడుంటుంది” అని అవ్వ అడగడానికి వీల్లేకుండా చేస్తుంది. తిండి, పుస్తకాలు, యూనిఫాం వాళ్లే ఇస్తారు కాబట్టి డబ్బుల మాట కూడా ఎత్తలేరు. ఒక్కో సాకూ తీసేస్తే చదువు దానంతట అదే సాగుతుంది. బాల్యవివాహం తప్పించుకుని కస్తూర్బాలో చేరి, ఇంటర్‌లో మంచి మార్కులతో పేరు తెచ్చుకున్న కర్నూలు జిల్లా అమ్మాయి సంగతి 2024లో పత్రికలన్నీ రాశాయి. అంతగా పేరు రాకపోయినా పద్దెనిమిదేళ్లు నిండేదాకా తరగతి గదిలో ఉండటమే ఇక్కడ పెద్ద ఫలితం.

మార్కుల సంగతికొస్తే, “ఆడపిల్లల బడిలో చదివితే ర్యాంకులొస్తాయి” అని కరపత్రాల్లో రాసేదాన్ని అంత తేలిగ్గా నమ్మనక్కర్లేదు. 21 దేశాల్లో 16 లక్షల మంది పిల్లల మీద జరిగిన 184 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన విశ్లేషణ 2014లో వచ్చింది. ఇంటి స్థితి, ముందునుంచీ ఉన్న తెలివితేటలు లెక్కలోంచి తీసేస్తే విడి బడికీ కలిసి చదివే బడికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దీనికి ఎదురు ఉదాహరణ సియోల్. అక్కడ పిల్లలను హైస్కూళ్లకు చీటీలు తీసినట్టు కేటాయిస్తారు కాబట్టి పోలిక నమ్మదగ్గది. విడి బడుల్లో పడ్డ పిల్లలకు కాలేజీ ప్రవేశ పరీక్షలో మార్కులు ఎక్కువొచ్చాయి. రెండూ నిజమే. దీన్నిబట్టి సీమలో తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఒకటే: మార్కులు గేటు మీది బోర్డు నుంచి రావు, లోపల లెక్కల మేడమ్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి వస్తాయి.

బ్యూరెట్ ఎవరి చేతిలో ఉంది

ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో ఒక బల్ల దగ్గర నిలబడి చూడండి. కలిసి చదివే కాలేజీలో నలుగురు ఒక బ్యాచి అయితే సాధారణంగా బ్యూరెట్ కొళాయి తిప్పేది అబ్బాయి, రీడింగులు రాసేది అమ్మాయి. ఎవరూ ఆదేశించరు, దస్తూరీ బాగుంటుందని రికార్డు ఆమె చేతిలో పెడతారు, అంతే. రెండో ఏడాది ప్రాక్టికల్స్‌లో, సబ్జెక్టుకు 30 మార్కులు, ఎవరి పరీక్ష వాళ్లే చేయాలి. అప్పుడు తెలుస్తుంది: పిపెట్‌లోకి ద్రవం ఎంతదాకా లాగాలో, గీత మీద అడుగువంపు చూసేటప్పుడు కన్ను ఏ ఎత్తులో ఉండాలో, పర్మాంగనేట్ లేత గులాబీ రంగు తిరిగి అర నిమిషం నిలిచినప్పుడు కొళాయి కట్టాలని చేతికి అలవాటు లేదు. ఒక్క చుక్క ఎక్కువ పడితే రంగు ముదిరిపోతుంది, లెక్క తప్పుతుంది. పుస్తకంలో చదివితే ఇది రాదు.

ఆడపిల్లల బడిలో ఈ పంపకానికి చోటే లేదు. కొళాయి తిప్పేదీ అమ్మాయే, ఫ్యూజు మార్చేదీ అమ్మాయే, ప్రార్థనలో మైకు పట్టేదీ, కబడ్డీలో కూతకు వెళ్లేదీ, పంద్రాగస్టు కవాతులో ముందు నడిచేదీ అమ్మాయే. ఎంపిక చేసుకునే పరిస్థితే ఉండదు కాబట్టి ఒక్కొక్కరూ చేయాల్సిందే. ఇంగ్లండులో చేసిన ఒక అధ్యయనంలో ఆడపిల్లల బడుల నుంచి వచ్చిన అమ్మాయిలు నష్టభయం ఉన్న ఎంపికకు అబ్బాయిలంతగానే ముందుకొచ్చారని తేలింది. కలిసి చదివే బడుల అమ్మాయిలు వెనకాడారు. మన ల్యాబుల్లో కనబడేది ఆ మాటకు దగ్గరగానే ఉంది.

అయితే ఒక షరతు. ల్యాబు ఉండాలి. చాలా చోట్ల ల్యాబు గదికి తాళం, తాళం మీద దుమ్ము. చూడ్డానికి వెళ్లినప్పుడు “ల్యాబు ఉందా” అని అడగొద్దు, ఉందనే అంటారు. పోయిన నెల రికార్డు నోటు ఒకటి చూపించమనండి. దిద్దిన తేదీలు వరుసగా ఉంటే ల్యాబు నడుస్తున్నట్టు. అన్ని తేదీలూ ఒకే సిరాతో ఒకే రోజు వేసినట్టుంటే నడవట్లేదు.

నీళ్లు: ఇక్కడ తెగినా ముడిపడినా అన్నీ ఇక్కడే

సీమలో హాస్టల్ బడికి మొదటి పరీక్ష నీళ్లు. ఆరు నుంచి పది దాకా 200 మంది, ఇంటర్ రెండేళ్లకు 80 మంది, మొత్తం 280 అనుకుందాం. హాస్టల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పే లెక్క. అంటే రోజుకు 37,800 లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకరుతో తోలించుకుంటే ఏడున్నర ట్యాంకర్లు. అందులో సగంతో సరిపెట్టుకున్నా ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండితే నాలుగు ట్యాంకర్లు కావాలి. అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న: బోర్లు ఎన్ని, సంపు ఎంత, పైన ట్యాంకు ఎంత, కరెంటు పోతే నీళ్లు ఎంతసేపు వస్తాయి? ఒక్క బోరు, ఒక్క మోటారు మీద నడిచే చోట మోటారు కాలిన రోజున పిల్లలు స్నానం మానేస్తారు. మూడో రోజుకు గోకుళ్లు మొదలు.

బాత్రూముల లెక్క ఇంకా సులువు. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా 120 నిమిషాలు. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు అనుకుంటే ఒక బాత్రూములో 15 మంది. 280 మందికి 19 కావాలి. పన్నెండే ఉన్నాయనుకోండి, ఆ రెండు గంటల్లో 180 మందే కానిస్తారు. మిగతా వంద మంది నాలుగు గంటలకే లేవాలి, లేదా ముఖం కడుక్కుని తరగతికి పోవాలి. పన్నెండులో మూడు గొళ్లెం లేకో, గొట్టం పగిలో పనికిరావు. అందుకే ఉన్నవి కాదు, పనిచేసేవి లెక్కపెట్టండి. తలుపు మూసి గొళ్లెం వేసి చూడండి. లోపల బట్టలు తగిలించే కొక్కెం ఉందో లేదో చూడండి. కొక్కెం లేకపోతే పిల్లలు బట్టలు తలుపు మీద వేస్తారు, తలుపు మీద వేసినవి తడుస్తాయి.

తాగే నీళ్లది వేరే సంగతి. అనంతపురం జిల్లాలో, కొంత కడప, కర్నూలు వైపు కూడా, భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాచినా పోదు, కాచేకొద్దీ నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్.ఓ. ప్లాంటు ఉంటే మంచిదే, కానీ ఫిల్టరు ఎప్పుడు మార్చారో గోడ మీద తేదీ ఉండాలి. ట్యాంకు నీళ్లకు బ్లీచింగ్ అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి, కలిపాక గంట ఆగాలి, ఆ తర్వాత క్లోరిన్ లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలి ఉండాలి. గుప్పెడు తీసి ట్యాంకులో విసిరేసే పద్ధతిలో ఒక రోజు వాసన, ఇంకో రోజు విరేచనాలు.

నెలసరి, పేలు, గజ్జి

ఇవి రాయడానికి మొహమాటపడితే సమీక్ష సగం అబద్ధం. ఆడపిల్లల బడికి ఉన్న పెద్ద సుగుణం నెలసరిని దాచుకోనక్కర్లేకపోవడం. కలిసి చదివే బడిలో మరక పడిందంటే ఆ పాప మూడు రోజులు రాదు. ఇక్కడ పక్క పాప చున్నీ ఇస్తుంది, ఏఎన్ఎం (బడి నర్సు) ప్యాడ్ ఇస్తుంది, తరగతి నడుస్తుంది. 2021లో మొదలైన స్వేచ్ఛ కార్యక్రమం కింద ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా నెలకు పది ప్యాడ్లని లెక్క పెట్టారు. పది చాలవు. ఐదు రోజులు, ఆరు గంటలకు ఒకటి మార్చాలంటే ఇరవై కావాలి. మిగతా పది పాప పెట్టెలో పెట్టి పంపండి.

వాడాక ఎక్కడ వేస్తారన్నదే తేడా. కాల్చే యంత్రం ఉందని గోడకు తగిలించి చూపిస్తారు. దాంట్లో ఒకసారికి పట్టేవి కొన్నే. ఇరవై కుక్కితే సగం కాలి పొగ నిండుతుంది, బూడిద తీయకపోతే కాయిల్ కాలిపోతుంది. ఆ తర్వాత యంత్రం బొమ్మలా ఉంటుంది. మూత ఉన్న డబ్బా ఒక్కో మరుగుదొడ్డి లోపల లేకపోతే, బయట అందరి ముందు వేయడానికి సిగ్గుపడి పిల్లలు తూములో పడేస్తారు. వారంలో తూము మూసుకుపోతుంది. అప్పుడు తిట్లు తినేది పిల్లలు. తప్పు మాత్రం నూరు రూపాయల డబ్బా కొననివాళ్లది.

రక్తహీనతకు వారానికొక నీలం మాత్ర ఇస్తారు, 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. భోజనం తర్వాత మింగాలి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, ఆ వికారానికి భయపడి తర్వాతి వారం నుంచి కిటికీలోంచి బయటకు. చాలా చోట్ల కిటికీ కింద నీలం మాత్రలు దొరుకుతాయి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. ఏడాదికోసారైనా పరీక్ష చేసి కార్డులో రాశారేమో అడగండి.

పేలు లేని హాస్టల్ లేదు, లేదని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఒక్క శాతం పర్మెత్రిన్ లోషన్ పది నిమిషాలు ఉంచి కడిగి, సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, వారం పదిరోజులకు మళ్లీ చేయాలి. రెండోసారి మానేస్తే ఈపిల నుంచి కొత్త పేలు. గజ్జి వస్తే ఒక్క పాపకు మందు రాస్తే లాభం లేదు, ఆ గదిలో అందరికీ ఒకే రాత్రి మెడ నుంచి కాళ్ల దాకా ఐదు శాతం పర్మెత్రిన్ క్రీము రాసి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంచి, దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. వారానికి మళ్లీ. “మీ పాపకు గజ్జి, ఇంటికి తీసుకుపొండి” అని ఫోను చేసే హాస్టలుకు విషయం తెలియదని అర్థం. పాప ఇంటికి పోయి నయమై వస్తుంది, గదిలో గజ్జి అక్కడే కాచుకుని ఉంటుంది.

తిండి పర్వాలేదు. గుడ్డు, రాగి జావ, చిక్కీ వస్తాయి. ఉగ్గాని చేసిన రోజు పిల్లలు సంతోషంగా ఉంటారు. సాంబారు నీళ్లగానే ఉంటుంది, దానికి ఆశ పెట్టుకోకండి. మధ్యాహ్నం మిగిలిన కూర రాత్రికి పెడుతున్నారా అన్నదొక్కటే గట్టిగా అడగాల్సింది.

పది తర్వాత వచ్చే ఉచ్చు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడ. కస్తూర్బాలో ఇంటర్ ఉందంటే అన్ని గ్రూపులూ ఉన్నాయనుకుంటారు. సాధారణంగా ఒక్కో చోట ఒక్క గ్రూపే. ఒక మండలంలో బైపీసీ, పక్క మండలంలో ఎంపీసీ, ఇంకోచోట సీఈసీ, మరోచోట నర్సింగు తరహా వృత్తి కోర్సు. లెక్కలు బాగా చేసే పాప, ఉన్నచోట సీఈసీ మాత్రమే ఉంటే, హాస్టల్ మారడానికి ఇంట్లో ఒప్పుకోక అందులోనే చేరిపోతుంది. ఈ నిర్ణయం ఏప్రిల్లో కాదు, తొమ్మిదో తరగతిలోనే తీసుకోవాలి: చుట్టుపక్కల మండలాల్లో ఏ కస్తూర్బాలో ఏ గ్రూపు ఉందో రాసి పెట్టుకుని, పదో తరగతి ఫలితాల కన్నా ముందే ఆన్‌లైన్ దరఖాస్తులో ఎంచుకోవాలి. ఆరో తరగతికీ ఇంటర్‌కీ దరఖాస్తులు మామూలుగా వేసవికి ముందే తీసుకుంటారు. ఆధార్, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, చదువు ధ్రువపత్రం, ఫోటోలు సిద్ధంగా ఉంచుకోండి. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటే ముందే సరిచేయించండి, చివరి రోజున మీసేవ దగ్గర కూర్చుంటే కాదు.

ఇంకో చిన్న లెక్క ఎవరూ చెప్పరు. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకార వేతన ప్రతిభ పరీక్షలో (ఎన్ఎంఎంఎస్) నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ఇంటి ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. అయితే ప్రభుత్వమే తిండి, బస పెట్టే హాస్టల్ బడుల పిల్లలకు ఇది రాదు. జడ్పీ బాలికల హైస్కూలులో చదివే పాపకు వస్తుంది. పట్టణంలోనే ఇల్లుండి, పాప తెలివైనదైతే, హాస్టల్లో వేయడం కన్నా రోజూ పోయే బాలికల హైస్కూలు లాభం కావచ్చు.

రోజూ పోయే బడికి బస్సు చూసుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆ ఖర్చు తప్పింది. మిగిలింది సమయం. పదో తరగతికి సాయంత్రం అదనపు క్లాసులు పెడతారు, అవి అయ్యేసరికి ఊరికి పోయే ఆఖరి పల్లెవెలుగు వెళ్లిపోయి ఉంటుంది. షేర్ ఆటో ఒక్కటే దారి, చీకట్లో. చేర్చే ముందు డిపోకు ఫోను చేసి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి, బడిలో క్లాసు ఎన్నింటికి వదులుతారో కనుక్కోండి. రెండూ కలవకపోతే తల్లిదండ్రులంతా కలిసి హెడ్‌మిస్ట్రెస్ మేడమ్‌ను అడిగితే క్లాసు పొద్దునకు మారుస్తారు. ఒక్కరు అడిగితే మార్చరు.

పాఠం చెప్పేవాళ్లు, కాపలా కాసేవాళ్లు

కస్తూర్బాలో హెడ్‌ను స్పెషల్ ఆఫీసర్ అంటారు, పాఠం చెప్పేవాళ్లు సీఆర్‌టీలు, ఇంటర్‌కు పీజీసీఆర్‌టీలు. అందరూ ఆడవాళ్లే, చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగులే. పగలు పాఠం, రాత్రి హాస్టల్ డ్యూటీ. ఇంత పని మీద ఇంతకాలం నిలబడ్డవాళ్లు ఉన్నారంటే మెచ్చుకోవాలి. కానీ వేరే ఉద్యోగం దొరికిన మరుసటి నెలే ఫిజిక్స్ పోస్టు ఖాళీ. మూడు నెలలు ఖాళీగా ఉంటే అక్కడ బయాలజీ మేడమే విద్యుత్తు పాఠం చెబుతుంది. ఏ సబ్జెక్టు పోస్టు ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో అడగండి, “త్వరలో వస్తారు” అంటే తేదీ అడగండి.

గేటు గట్టిగా ఉండటం భద్రత కాదు. అందరూ ఆడవాళ్లే కదా అని నిశ్చింతగా ఉండటమూ సరికాదు. సరుకులు తెచ్చే మనిషి, ప్లంబరు, చుట్టాలమని వచ్చేవాళ్లు లోపలికి ఎలా వస్తారు, ఎవరు సంతకం చేస్తారు, అది చూడాలి. పాపను తీసుకుపోవడానికి వచ్చేవాళ్ల ఫోటో, ఫోన్ నంబరు రిజిస్టరులో ముందే ఇచ్చి ఉండాలి. మేనమామనని చెప్పిన ప్రతివాడి వెంటా పంపకూడదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం, 2012 చెబుతోంది. “బడి పరువు” అని దాచిన పెద్దలూ నేరస్తులే అవుతారు. ఫిర్యాదుల పెట్టె ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. స్పెషల్ ఆఫీసర్ దగ్గరే ఉంటే అందులో చీటీ పడదు.

బయటి లోకానికి 2.5 ఎందుకు వేశాం

ఏడేళ్లు గేటు లోపల గడిపిన అమ్మాయి డిగ్రీకో ఇంజనీరింగుకో కలిసి చదివే కాలేజీకి పోయిన మొదటి నెల చూడండి. తరగతిలో సందేహం అడగదు, క్యాంటీనుకు ఒంటరిగా పోదు, బ్యాంకులో చలానా పూరించడానికి తమ్ముణ్ణి వెంట తెచ్చుకుంటుంది. లోపల మైకు పట్టిన పాపే. తెలివి లేక కాదు, అలవాటు లేక. అమ్మాయిలకే డిగ్రీ కాలేజీలు ఉన్నాయి, కర్నూలులో కేవీఆర్, అనంతపురంలో కేఎస్ఎన్. తిరుపతిలో 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. అటు పంపినా ఉద్యోగం దగ్గరకొచ్చేసరికి ఈ అలవాటు కావాల్సిందే.

దీనికి మందు బడిలోనే ఉంది, ఖర్చు లేనిది. తొమ్మిదో తరగతి నుంచి నెలకోసారి పిల్లలను నలుగురు నలుగురుగా పోస్టాఫీసుకు, బ్యాంకుకు, ఆసుపత్రి ఓపీకి మేడమ్ వెంట పంపి, పని వాళ్లచేతే చేయించడం. మండల స్థాయి సైన్స్ పోటీలకు, ఖోఖో, కబడ్డీ ఆటలకు కలిసి చదివే బడుల పిల్లల మధ్యకు తీసుకుపోవడం. ఇలా చేసే బడులు ఉన్నాయి. ఎక్కువ చోట్ల మాత్రం “ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి” అని గేటు తీయరు. ఆ భయం అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన మార్కు పెంచలేం.

ఎప్పుడు వెళ్లి చూడాలి

ఆదివారం తల్లిదండ్రుల రోజు వెళితే అన్నీ బాగుంటాయి, ముగ్గులు కూడా ఉంటాయి. బుధవారం పొద్దున ఆరున్నరకు వెళ్లండి, ఆడవాళ్లే వెళ్లండి, అమ్మో పిన్నమ్మో. బాత్రూముల ముందు వరుస ఎంత ఉందో కళ్లారా కనబడుతుంది. ఎనిమిదో తరగతి పాపను పక్కకు పిలిచి “ఇక్కడ నీళ్లు వస్తాయా అమ్మా” అని అడగండి. పాప జవాబు చెప్పే ముందు మేడమ్ వైపు చూస్తే సగం జవాబు వచ్చినట్టే.

చేర్చేటప్పుడు రేకు పెట్టె, రెండు తాళంచెవులున్న తాళం (ఒకటి ఇంట్లో ఉంచుకోండి), ప్లేటు, గ్లాసు, బకెట్టు, మగ్గు, దుప్పటి రెండు, సన్నపళ్ల దువ్వెన, ప్యాడ్లు. బకెట్టు మీద పేరు పెయింటుతో రాయించండి, స్కెచ్ పెన్ను రెండు రోజుల్లో పోతుంది.

ఇక చివరిది, మిగతావన్నీ అడగడం మరిచినా ఇది అడగండి. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు పిల్లలు ఇంటికి పోతారు. సంబంధాలు కుదిరేది ఆ సెలవుల్లోనే. బడి తెరిచిన మూడో రోజుకు ఎంతమంది తిరిగి రాలేదో, రానివాళ్ల ఇంటికి ఎవరు, ఏ రోజు వెళ్లారో స్పెషల్ ఆఫీసర్ మేడమ్‌ను అడగండి. రిజిస్టరు తీసి పేరు, ఊరు, వెళ్లిన తేదీ, పాప తిరిగొచ్చిన తేదీ చూపించగలిగితే ఆ బడిలో పాపను చేర్చండి, బాత్రూములు రెండు తక్కువైనా సరే. ఫోను చేశాం, ఎత్తలేదు అంటే ఇంకో మండలం చూసుకోండి. పెళ్లి ఏర్పాట్లు జరుగుతున్నాయని తెలిసినవాళ్లు ఎవరైనా 1098కి ఫోను చేయొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు.